పసుపు వెలగడం కల్తీకి గుర్తు కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వంటింటి కల్తీల మీద ఈ మధ్య ఒక వ్యాసం వేశారు. అందులో పసుపు గురించి ఒక చిట్కా ఉంది. దొంగనోట్లు చూసే అతినీలలోహిత టార్చి తీసుకుని పసుపు మీద వేయండి, పసుపు మెరిస్తే అందులో కెమికల్ రంగు కలిపినట్టే, వాడకండి అని రాశారు. ఇది తప్పు. అందులోనూ చిన్నాచితకా పొరపాటు కాదు, అసలు విషయాన్ని తలకిందులు చేసిన మాట. ఆ వెలుతురులో మెరిసేది పసుపులోని అసలు పదార్థమే. కల్తీ కోసం కలిపే మెటానిల్ యెల్లో అనే రంగేమో దాదాపు మెరవదు. మీ చిట్కా నమ్మినవాళ్లు మంచి పసుపు పారబోసి, రంగు కలిపిన పసుపు కూరలో వేసుకునే ప్రమాదం ఉంది.

నేను తెనాలిలో ఉంటాను. డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. ఎమ్మెస్సీ వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివాను. భౌతిక శాస్త్రవేత్తలు సూరి భగవంతం గారు, కె. రంగధామరావు గారు పనిచేసిన చోటు కాబట్టి అక్కడ వర్ణపటాల గురించి, అంటే ఏ పదార్థం ఏ రంగు కాంతిని మింగుతుందో, ఏది వదులుతుందో చూపే పటాల గురించి, చాలా శ్రద్ధగా చెప్పేవారు. ఉద్యోగం అయ్యాక కొంతకాలం మసాలా దినుసులు పరీక్షించే ఒక ల్యాబులో పసుపు నమూనాలే చూశాను. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడవైనా ఓపిగ్గా చదవమని కోరుతున్నాను.

మీ వ్యాసం వచ్చిన తర్వాత మా రైతుబజారులో జరిగింది చెబుతాను. దుగ్గిరాల వైపు నుంచి వచ్చి పసుపు, కారం అమ్ముకునే ఒకావిడ ఉంది. సొంత చేలో పండిన కొమ్ములు ఉడకబెట్టి, ఎండబెట్టి, మరలో ఆడించి తెస్తుంది. నేను ఏళ్లుగా ఆవిడ దగ్గరే కొంటున్నాను. ఆ రోజు ఒక కుర్రాడు కీచెయిన్‌కి ఉన్న చిన్న టార్చి తీసి, అరచేత్తో నీడ చేసి ఆవిడ పసుపు మీద వేశాడు. పొట్లం అంచున పచ్చని మెరుపు కనపడింది. అంతే, పేపర్లో వచ్చిందండీ, ఇది రంగు పసుపు అని పదిమందికీ వినపడేలా అన్నాడు. కొనడానికి చేతిలోకి తీసుకున్నవాళ్లు కూడా పొట్లాలు కింద పెట్టేశారు. ఆవిడ నా వైపు తిరిగి, "మేడంగారూ, మీరు చదువుకున్నోళ్లు, మీరన్నా చెప్పండి. రంగు కొనాలన్నా డబ్బులు కావాలిగా, నేనెక్కడ తెస్తాను?" అంది. నేను ఆ కుర్రాడితో, "బాబూ, ఆ మెరుపే మంచి పసుపుకి ఉండాల్సింది" అన్నాను. అతను నమ్మలేదు. పేపర్లో అచ్చయిన మాటకి నా మాట ఏం నిలుస్తుంది? ఆవిడ ఆ పూట ఏమాత్రం అమ్ముకుందో అడగడానికి కూడా నాకు మనసొప్పలేదు.

ఇక ఆ మెరుపు సంగతి. పసుపుకి రంగునిచ్చే ముఖ్యమైన పదార్థం కర్క్యుమిన్. 1815లో వోగెల్, పెల్లెటియర్ అనే ఇద్దరు దాన్ని పసుపు నుంచి విడదీశారు. నిర్మాణం ఏమిటో 1910లో మిలోబెన్‌జ్కా, కొస్టానెకీ, లాంపే తేల్చారు. చిన్న అణువే, ఇరవై ఒక్క కార్బన్లు, ఇరవై హైడ్రోజన్లు, ఆరు ఆక్సిజన్లు. రెండు చివర్లా రెండు బెంజీన్ వలయాలు, మధ్యలో ఏడు కార్బన్ల గొలుసు. ఆ గొలుసు పొడవునా ఒంటి బంధం, జంట బంధం మార్చిమార్చి వస్తాయి కాబట్టి అక్కడి ఎలక్ట్రాన్లు ఒకే చోట కట్టుబడి ఉండవు, ఈ చివర నుంచి ఆ చివరకు పరుచుకుని ఉంటాయి. అలా పరుచుకున్న ఎలక్ట్రాన్లను పై స్థాయికి ఎక్కించడానికి పెద్ద శక్తి అక్కర్లేదు. సుమారు 425 నానోమీటర్ల నీలి కాంతి చాలు. కర్క్యుమిన్ ఆ నీలాన్ని మింగేస్తుంది, మిగతా రంగులు మన కంటికి తిరిగొస్తాయి. అందుకే పసుపు పచ్చగా కనిపిస్తుంది.

మింగిన కాంతి ఏమవుతుంది? అణువు అప్పుడు ఉత్తేజిత స్థితిలో, అంటే ఆ కాంతి శక్తిని నింపుకుని పై స్థాయిలో, ఉంటుంది. మామూలు గది వేడిలో అణువుల మధ్య అటూ ఇటూ మారే శక్తికి, అది మింగిన శక్తి వంద రెట్లకు పైనే. ఇంత శక్తి పెట్టుకుని అణువు ఎక్కువసేపు ఉండలేదు, ఏదో ఒక దారిన వదిలించుకోవాలి. తిరునాళ్లలో గుడి ప్రాంగణం నిండా జనం ఉన్నప్పుడు ఏ గేటు వెడల్పుగా ఉంటే ఎక్కువమంది అటే పోతారు కదా, ఇక్కడా అంతే. ఒక గేటు కాంతి. శక్తిని మళ్లీ వెలుగుగా వదలడాన్ని ప్రతిదీప్తి అంటాం, ల్యాబులో ఫ్లోరసెన్స్ అనే అంటాం. ఇంకో గేటు వేడి. బంధాలు ఊగి, మెలికలు తిరిగి, చుట్టూ ఉన్న ద్రావణికి శక్తి ఇచ్చేస్తాయి. మూడోది ట్రిప్లెట్ అనే మరో ఉత్తేజిత స్థితిలోకి జారడం. నాలుగోది రసాయన చర్య, అంటే అణువు తానే విరిగిపోవడం, వేరే అణువుగా మారిపోవడం. పోలండ్ శాస్త్రవేత్త జబ్లోన్‌స్కీ 1933లో ఈ స్థాయిలను మెట్లలా గీసి చూపించాడు. ఆ బొమ్మ లేకుండా ఈ పాఠం చెప్పే మాస్టారు ఇప్పటికీ ప్రపంచంలో ఎక్కడా ఉండరు.

అణువుకి పై స్థాయిలు చాలానే ఉంటాయి. ఏ స్థాయికి ఎక్కించినా, పికోసెకన్లలో, అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు లెక్కలో, అన్నిటికన్నా కింది ఉత్తేజిత స్థాయికి దిగిపోయి, అక్కడి నుంచే కాంతి వదులుతుంది. మైకేల్ కాషా 1950లో చెప్పిన నియమం ఇది. అజులీన్ లాంటి ఒకటీ అరా అణువులు దీనికి లొంగవు గానీ కర్క్యుమిన్ లొంగుతుంది. అందుకే టార్చి 365 నానోమీటర్లదైనా, 395 దైనా, పసుపు మెరుపు రంగు మారదు. పైగా దిగేటప్పుడు కొంత శక్తి వేడిగా పోతుంది కాబట్టి, వదిలే కాంతి మింగిన కాంతి కన్నా ఎర్రవైపుకి జరుగుతుంది. ఊదా రంగు వేస్తే ఆకుపచ్చ కలిసిన పసుపు రంగు రావడానికి కారణం అదే. దీన్ని మొదట జాగ్రత్తగా పట్టుకున్నది స్టోక్స్, 1852లో, క్వినైన్ ద్రావణం మీద. మలేరియాకి వాడే ఆ క్వినైనే. ఆమ్లంలో కరిగిస్తే ఎండలో నీలంగా మెరుస్తుంది. మింగిన ప్రతి వంద ఫోటాన్లకి, అంటే కాంతి కణాలకి, యాభైకి పైగా తిరిగి వెలుగుగా ఇచ్చేస్తుంది.

కర్క్యుమిన్ అంత ఉదారంగా ఇవ్వదు. ఆల్కహాల్‌లో నూటికి పది లోపే. కారణం చాలా అందమైనది. అణువు మధ్యలో రెండు ఆక్సిజన్లు పక్కపక్కనే ఉంటాయి, వాటి మధ్య ఒక హైడ్రోజన్ ఇరుక్కుని ఉంటుంది. అణువు ఉత్తేజితం కాగానే ఆ హైడ్రోజన్ ఈ ఆక్సిజన్ నుంచి ఆ ఆక్సిజన్‌కి జారుతుంది. ఆ జారుడుతో వేడి గేటు బాగా తెరుచుకుంటుంది. హైడ్రోజన్ బదులు దాని బరువైన రూపం డ్యుటీరియం పెడితే ఆ జారుడు నెమ్మదిస్తుంది. కొలతలో ఆ తేడా స్పష్టంగా కనపడింది కాబట్టే ఈ సంగతి ఊహ కాదని తెలిసింది. నీళ్లలో అయితే కర్క్యుమిన్ సరిగా కరగనే కరగదు, మెరుపు కూడా దాదాపు ఉండదు. నూనెలో, ఆల్కహాల్‌లో బాగా మెరుస్తుంది.

ఇంట్లో చూడాలనుకునేవాళ్లకి ఒక పద్ధతి చెబుతాను. చేతులకి రాసుకునే పల్చటి శానిటైజర్ కొంచెం గాజు గ్లాసులో పోసి, చిటికెడు పసుపు వేసి కలిపి, అడుగున మడ్డి పేరుకునేదాకా ఉంచండి. స్టవ్ దగ్గర మాత్రం వద్దు, అది అంటుకుంటుంది. పైన తేరిన పచ్చటి ద్రవాన్ని చీకటి గదిలో పెట్టి పక్క నుంచి టార్చి వేయండి. కాంతి దూరిన చోట ఆకుపచ్చ కలిసిన పసుపు రంగు గీత గ్లాసు లోపల నిలబడినట్టు కనపడుతుంది. పసుపు మరీ ఎక్కువ వేస్తే వెలుగు గాజు అంచు దాటి లోపలికి పోదు, అంచునే మెరిసి ఆగిపోతుంది. మంచినీళ్లలో కలిపి చూస్తే ఆ గీత రాదు. టార్చి కళ్లలోకి వేసుకోవద్దు, పిల్లల చేతికి ఇవ్వొద్దు.

ఇప్పుడు మెటానిల్ యెల్లో. ఇది ఆజో జాతి రంగు, అంటే మధ్యలో రెండు నైట్రోజన్లు జంట బంధంతో ఉంటాయి. మన దేశంలో తిండిలో వాడటానికి దీనికి అనుమతి లేదు. ఇది కూడా నీలి కాంతినే మింగుతుంది, కాబట్టి కంటికి పసుపు లాగే కనిపిస్తుంది. కానీ ఉత్తేజితమైన ఆజో అణువు ఆ నైట్రోజన్ల జంట దగ్గర మెలిక తిరిగి, పికోసెకన్లలోనే శక్తినంతా వేడిగా వదిలేస్తుంది. కాంతిగా వదలాలంటే నానోసెకన్ల వ్యవధి, అంటే పికోసెకన్లకు వెయ్యి రెట్లు, కావాలి. అంతసేపు ఆగే తీరిక దానికి లేదు. అందుకే దాదాపు మెరవదు. కల్తీదారు ఏరుకోకుండానే దొరికిన లక్షణం ఇది. మీ చిట్కా ప్రకారం చూస్తే ఈ రంగే పరీక్షలో పాసవుతుంది.

సీసం క్రోమేట్ సంగతి ఇంకా ఘోరం. కొమ్ములు నిగనిగలాడటానికి పాలిష్‌లో వాడే ఈ పదార్థం వల్ల బంగ్లాదేశ్‌లో పెద్ద గొడవే అయింది. 2019 తర్వాత అక్కడి ప్రభుత్వం గట్టిగా పట్టించుకున్నాక తగ్గింది. అది సేంద్రియ అణువే కాదు, సీసం లవణం. టార్చి కింద దాని జాడ తెలియదు. దాన్ని సీసం కొలిచే యంత్రంతోనే పట్టుకోవాలి. పిల్లల మెదడుకి హాని చేసేది అది. టార్చి వేసి మెరవలేదు కాబట్టి క్షేమం అనుకోవడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

మరి మెరుపు ఉంటే స్వచ్ఛమైనదని రాయొచ్చా అంటే, అదీ రాయొద్దు. మంచి పసుపులో కొంచెం మెటానిల్ కలిపినా కర్క్యుమిన్ మెరుస్తూనే ఉంటుంది. వరిపిండో, గంజిపిండో కలిపినా మెరుస్తుంది. టార్చి చెప్పగలిగింది ఒక్కటే, ఇందులో మెరిసే అణువు ఏదో ఉంది అని. అది ఏ అణువు, ఎంత ఉంది అనేది దానికి తెలియదు.

ల్యాబులో కూడా ఒక్క కొలతతో సరిపెట్టుకుంటే మోసపోతాం. పసుపు ధర కర్క్యుమిన్ శాతాన్ని బట్టి మారుతుంది. ఆ శాతం కొలవడానికి పసుపును ఆల్కహాల్‌లో కరిగించి, వడగట్టి, క్యూవెట్ అనే చిన్న పారదర్శక గొట్టంలో పోసి, స్పెక్ట్రోఫోటోమీటర్లో 425 నానోమీటర్ల దగ్గర ఎంత కాంతి మింగిందో చూస్తారు. చవకైన, త్వరగా అయ్యే పద్ధతి. మామూలు పసుపుకి రెండు నుంచి అయిదు శాతం దాకా వస్తుంది, మేఘాలయలోని లకడాంగ్ రకానికి ఏడు దాటుతుంది. అయితే మెటానిల్ యెల్లో మింగే కాంతి కూడా దాదాపు ఆ చుట్టుపక్కలదే. కాబట్టి రంగు కలిపిన పసుపుకి శాతం ఎక్కువగా చూపించే అవకాశం ఉంది. కల్తీ చేసినవాడికి తక్కువ రావాల్సింది పోయి ఎక్కువ ధర రావచ్చు.

అందుకని మా ల్యాబులో సిలికా పూసిన పలక మీద చుక్క పెట్టి, ద్రావణిని పైకి పాకనిచ్చేవాళ్లం. మంచి పసుపు మూడు పచ్చటి పట్టీలుగా విడిపోతుంది. కర్క్యుమిన్ ఒకటి, దానికి తోబుట్టువుల్లాంటి మరో రెండు అణువులు, వలయాల మీద ఒకటో రెండో మెథాక్సీ గుంపులు లేనివి. పలకను 366 నానోమీటర్ల దీపం కింద పెడితే మూడూ మెరుస్తాయి. పగటి వెలుతురులో పచ్చగా కనిపించి, దీపం కింద మెరవకుండా చీకటిగా ఉండిపోయే నాలుగో మచ్చ ఏదైనా ఉందా అని వెతుకుతాం. అనుమానం అక్కడ మొదలవుతుంది. ఆ పలక చేతిలో పట్టుకుని దీపం స్విచ్ వేసే ప్రతిసారీ నాకు ఊపిరి బిగపట్టినట్టుండేది. ఎందుకంటే ఆ మచ్చ వెనక ఎవరో ఒక రైతు సరుకు ఉంటుంది, ఎవరో ఒకరి ఇంటి పిల్లల అన్నం ఉంటుంది. తీర్పు చెప్పేముందు మళ్లీ హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో, అంటే మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రంలో, నడిపించేవాళ్లం.

మీ వ్యాసం రాసినవాళ్లు వెలుగు అంటే విషం అనుకున్నట్టున్నారు. ఇంట్లో చీకటి చేసుకుని ఆ టార్చితో తిరిగితే ఎన్ని మెరుస్తాయో తెలుసా? పెరుగు మీద తేరిన నీళ్లు ఆకుపచ్చగా మెరుస్తాయి, అది రైబోఫ్లేవిన్, మనం బి2 విటమిన్ అంటాం. పాలకూర స్పిరిట్‌లో నూరితే ఎర్రగా మెరుస్తుంది, అది క్లోరోఫిల్. ఉతికిన తెల్ల పంచె నీలంగా మెరుస్తుంది, అది డిటర్జెంట్‌లో వేసే స్టిల్బీన్ జాతి పదార్థం. ఇంగువను ఆమ్లంతో మరగబెట్టి, వడగట్టి, అమ్మోనియా కలిపితే నీలి మెరుపు వస్తుంది. ఆ మెరుపు అంబెల్లిఫెరోన్ అనే అణువుది. మందుల కాలేజీల్లో ఇంగువని గుర్తుపట్టడానికి ఇదే పరీక్ష చేయిస్తారు. అంటే అక్కడ మెరుపు మంచికి గుర్తు.

మెరుపు చెడ్డకి గుర్తయ్యే చోటు కూడా ఒకటుంది, అది మన రైతులకి చాలా అవసరమైనది. వేరుశనగలో, మొక్కజొన్నలో, మిరపలో బూజు వల్ల పుట్టే అఫ్లటాక్సిన్లు. 1960లో ఇంగ్లండులో టర్కీ కోళ్లు లక్షకు పైగా చచ్చిపోతే, వాటి దాణాలోని వేరుశనగ పిండిలో ఈ విషం ఉందని ఆ తర్వాత తేలింది. పలక మీద విడగొట్టి అతినీలలోహిత దీపం కింద పెడితే కొన్ని నీలంగా, కొన్ని ఆకుపచ్చగా మెరుస్తాయి, ఆ రంగుల ఇంగ్లీషు మొదటి అక్షరాలతోనే వాటిని బి రకం, జి రకం అంటారు. అయినా గింజల కుప్ప మీద నేరుగా టార్చి వేసి చెప్పడానికి లేదు. బూజు పట్టిన మొక్కజొన్నలో కనిపించే ఆకుపచ్చ పసుపు మెరుపు అఫ్లటాక్సిన్‌ది కాదు, అదే బూజు చేసే కోజిక్ ఆమ్లం నుంచి వచ్చేది. ఇక్కడ బూజు ఉండొచ్చు, పరీక్ష చేయించు అని మాత్రమే అది చెబుతుంది. మెరుపు లేని గింజలో విషం ఉండొచ్చు, మెరిసినదానిలో లేకపోనూ వచ్చు. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌వాళ్లు ఏళ్ల తరబడి ఈ అఫ్లటాక్సిన్ మీద పనిచేసి, తక్కువ ఖర్చుతో పరీక్షించే కిట్లు తయారు చేశారు. మీ అనుబంధంలో రాయాల్సింది అలాంటి వాటి గురించి.

ఇంత చెప్పడానికి కారణం, ఉత్తేజిత స్థితి అంటే పుస్తకంలో గీతల బొమ్మ మాత్రమే అని మన పిల్లలు అనుకోవడం. పరీక్షకి గీసి మర్చిపోతారు. ఉత్తేజితమైన అణువు మామూలు అణువుకి కాస్త వేడెక్కిన రూపం కాదు, దాని స్వభావమే వేరు. ఫార్మాల్డిహైడ్ మామూలుగా బల్లపరుపుగా ఉంటుంది. ఉత్తేజితమైతే పిరమిడ్‌లా వంగి, కార్బన్ ఆక్సిజన్ బంధం సాగుతుంది. ఎసిటిలీన్ మామూలుగా తిన్నని గీత, ఉత్తేజితమైతే వంకర తిరుగుతుంది. 1953లో ఇంగోల్డ్, కింగ్ దాని వర్ణపటంలోని సన్నగీతలు ఒక్కొక్కటే విడదీసి ఈ సంగతి తేల్చారు. కంటికి కనపడని అణువు, అదీ క్షణంలో కోట్ల వంతు మాత్రం ఉండే స్థితి, దాని ఆకారం గీతల నుంచి చదవగలిగారు. నేను క్లాసులో ఈ ఒక్క విషయం చెప్పేటప్పుడు బెల్లు కొట్టినా ఆపేదాన్ని కాదు.

ఇంకొకటి. మన కాలేజీ ల్యాబుల్లో బీటా నాఫ్తాల్ సీసా లేని అల్మరా ఉండదు, ఎర్రటి ఆజో రంగు పరీక్షకి వాడతాం. అది చాలా బలహీనమైన ఆమ్లం. ఆమ్లం బలం చెప్పే అంకె పీకేఏ, అది ఎంత తక్కువైతే ఆమ్లం అంత బలమైనది. దీని పీకేఏ విలువ సుమారు 9.5. అదే అణువు మీద అతినీలలోహిత కాంతి పడి ఉత్తేజితమైతే ఆ విలువ 2.8 దాకా పడిపోతుంది. అంటే కొన్ని నానోసెకన్ల పాటు అది లక్షల రెట్లు బలమైన ఆమ్లం. సీసా మీద లేబుల్ అదే, అణువు అదే, ప్రవర్తన మాత్రం పూర్తిగా వేరు. జర్మన్ శాస్త్రవేత్త ఫోర్‌స్టర్ దీన్ని మెరుపు రంగు మారడం నుంచే లెక్కగట్టాడు.

ఇలాంటివి మన ఇంట్లోనూ జరుగుతాయి. తెల్ల చొక్కా మీద పసుపు మరక పడితే, సబ్బు పెట్టగానే ఎర్రబడుతుంది. క్షారం తగలగానే కర్క్యుమిన్ నుంచి హైడ్రోజన్ ఊడిపోయి, కింది స్థాయికీ ఉత్తేజిత స్థాయికీ మధ్య దూరం తగ్గుతుంది, నీలంతో పాటు కొంత ఆకుపచ్చనీ మింగుతుంది. పారాణి ఎరుపు, దిష్టి తీసే ఎర్రనీళ్ల ఎరుపు కూడా సున్నం తగిలి ఇలా వచ్చిందే. సబ్బుతో పోని ఆ మరకని మా అమ్మ తడిపి ఎండలో ఆరేసేది, సాయంత్రానికి మాయమయ్యేది. అది నేను ముందు చెప్పిన నాలుగో గేటు. ఎండలో ఉత్తేజితమైన కర్క్యుమిన్‌లో కొంత వంతు తిరిగి కిందికి దిగకుండా విరిగిపోతుంది. విరిగిన ముక్కల్లో వెనిలిన్, అంటే ఐస్‌క్రీముల్లో వేసే వెనిలా వాసన ఇచ్చే అణువు, కూడా ఉంటుంది. పసుపుని గాజు సీసాలో కిటికీ పక్కన పెట్టొద్దని నేను అందరికీ చెప్పేది ఇందుకే. మూడు నెలలకే రంగు వెలిసిపోయిన పసుపు చూసి, షాపువాడు మోసం చేశాడని తిట్టుకుంటారు.

ఈ విషయాలు జిల్లాలో చెప్పగలిగినవాళ్లు లేరని కాదు. నాకు తెలిసిన చాలా డిగ్రీ కాలేజీల్లో స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంది. క్వార్ట్జ్ క్యూవెట్ పగిలితే ఎవరు కట్టాలన్న భయంతో బీరువాలో పెట్టి తాళం వేస్తారు. దీపం కాలిపోతే కొత్తది వేయించడానికి కాగితాలు నడవవు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. ఇటు దుగ్గిరాల పసుపు మార్కెట్ యార్డు ఉంది. పసుపు పండే రెండు చోట్లా దగ్గర్లోని కాలేజీ పిల్లలు తమ ఊరి పసుపు వర్ణపటం తామే గీసుకుని చూడగలగాలి. దానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు.

మీరు సవరణ వేస్తారని నమ్ముతున్నాను. ఎక్కడో మూలన కాకుండా, చిట్కా వేసిన పేజీలోనే, అదే సైజు అక్షరాల్లో వేయండి. టార్చి కింద మెరవడం పసుపు సహజ గుణమని రాయండి. రంగు అనుమానం ఉన్నవాళ్లు చేసుకోగలిగే పరీక్షలు కూడా రాయండి. ఒక గ్లాసు నీళ్లలో చెంచాడు పసుపు వేసి కదపకుండా వదిలేస్తే, మంచి పసుపు అడుగుకి చేరి నీళ్లు లేత పచ్చగా ఉంటాయి. నీళ్లు చిక్కటి పసుపు రంగు తిరిగితే రంగు కలిసి ఉండొచ్చు. ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ప్రజల కోసం చెప్పేది కూడా ఇలాంటిదే. మెటానిల్ నీళ్లలో కరుగుతుంది, కర్క్యుమిన్ కరగదు కాబట్టి ఈ పరీక్షకి అర్థం ఉంది. ఆమ్లం పరీక్ష మాత్రం ఇళ్లలో చేయమని రాయకండి. గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే మంచి పసుపు కూడా ఎర్రబడుతుంది. నీళ్లు కలిపాక ఆ రంగు పోతే పసుపు, నిలిస్తే మెటానిల్. ఆ తేడా తెలియకుండా చేస్తే చెయ్యీ కాలుతుంది, అమాయకుడి మీద నిందా పడుతుంది. ఈ పరీక్షలన్నీ అనుమానానికే గానీ తీర్పుకి పనికిరావు, నమూనాను గుర్తింపు ఉన్న ల్యాబుకి పంపాలి అని కూడా రాయండి.

మీ విలేకరిని ఎవరినైనా మా ఇంటికి పంపితే సంతోషం. దుగ్గిరాల కొమ్ములు నేనే దంచి ఉంచుతాను, వాళ్లు బజారులో కొన్న పొట్లం ఏదైనా తెచ్చుకోవచ్చు. పలకలు, దీపం నా దగ్గర ఉన్నాయి. రాత్రి ఏడు తర్వాత అయితే గది చీకటిగా ఉంటుంది, ఫొటో కూడా బాగా వస్తుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్,
తెనాలి